పాల యంత్రం తన దినచర్య తానే రాయాలి
(అర్ధవీడులో పాల సంఘాల సభ్యులనుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



సంఘం తనిఖీకి వచ్చినప్పుడు మేము మొదట అడిగేది పాల రిజిస్టరు. పోసినవారి పేరు, లీటర్లు, వెన్న శాతం, రేటు సిరాతో రాసి వుండాలి. దిద్దుబాటు వుంటే పక్కన సంతకం వుండాలి. తూకపు యంత్రం, పరీక్ష యంత్రం కలిసి ఈ లెక్కను కంప్యూటరుకు అందించే పద్ధతి గుజరాత్‌లో ఖేడా జిల్లా సంఘాలలో 1990ల దశకంలోనే వచ్చింది. అట్టి యంత్రం పెట్టుకున్న సంఘాలవారు, పెట్టుకోబోయేవారు ఒక విషయం గమనించవలసి వుంది.

లెక్క నెట్ ద్వారా డెయిరీ సర్వరుకు చేరితేనే బిల్లు తయారవుతుంది. నల్లమల అంచున కాకర్ల, నాగులవరం వంటి వూళ్లలో గాలివానకు లైను పోవడం వింత కాదు. అప్పుడు సంఘంలో అడిగితే "నెట్ లేదు" అంటారు, డెయిరీలో అడిగితే "మీ లెక్క రాలేదు" అంటారు. పూటకు నాలుగు లీటర్లు పోసి, ఆ బిల్లుతోనే తవుడు తెచ్చుకునే ఇల్లాలు ఎవరి మాట నమ్మాలి?

దీనికి ఖరీదైన మందేమీ అక్కరలేదు. కంప్యూటరుకు మనం టైపు చేసే ఆజ్ఞలను అందుకుని పని చేయించేదానిని షెల్ అంటారు. 1969లో అమెరికాలోని బెల్ లేబరేటరీస్‌లో పుట్టిన యూనిక్స్‌తో పెరిగిన పద్ధతి ఇది. నేడు లినక్స్ యంత్రాలలో సామాన్యంగా కనిపించే బాష్ అనే షెల్ 1989 నాటిది. ఆజ్ఞలను ఒక ఫైలులో వరుసగా రాసిపెడితే అదే షెల్ స్క్రిప్టు. క్రాన్ అనే ఏర్పాటుకు అప్పగిస్తే అయిదు నిమిషాలకొకసారి దానంతట అదే నడుస్తుంది.

ఆ స్క్రిప్టు మెట్టు మెట్టుగా అడగాలి. తీగ తగిలి వుందా? గదిలోని రూటరు పింగ్‌కు పలుకుతోందా? బయటి చిరునామా ఏదైనా పలుకుతోందా? సర్వరు పేరును అంకెల చిరునామాగా మార్చే డి.ఎన్.ఎస్. పని చేస్తోందా? చివరికి, సర్వరు మన లెక్కను తీసుకుంటోందా? కొన్ని సర్వర్లు పింగ్‌కు జవాబివ్వకుండా కట్టడి చేసి వుంటాయి కనుక ఈ చివరి ప్రశ్నకు పింగ్ చాలదు, లెక్క పంపే ద్వారాన్నే తట్టి చూడాలి. రూటరు పలకకపోతే తీగ, కరెంటు చూసుకోవడం మన పని. రూటరు పలికి బయట ఏదీ పలకకపోతే లైనువారిని అడగాలి. అన్నీ పలికి సర్వరు ఒక్కటే లెక్క తీసుకోకపోతే డెయిరీవారు జవాబు చెప్పాలి.

ప్రతి జవాబు తేదీ, వేళతో లాగ్ ఫైలులో పడాలి. యంత్రం గడియారం సరిగా లేకపోతే ఆ లాగ్ చిత్తు కాగితమే. లోపలి బ్యాటరీ అయిపోయిన యంత్రం కరెంటు పోయి వచ్చాక పాత తేదీ చూపుతుంది. కాబట్టి నెట్ రాగానే గడియారం సరిచేసుకునే ఏర్పాటు వుండాలి. లైను లేని పూట లెక్క యంత్రంలోనే భద్రంగా వుండి, లైను వచ్చాక ఒక్కసారే వెళ్లాలి. రెండుసార్లు వెళితే అది మరో తగాదా.

నెట్ అమరిక మార్చే స్క్రిప్టుకు ఇంకా జాగ్రత్త కావాలి. పాత అమరికకు ముందు నకలు తీసి, కొత్తది పెట్టి, రెండు నిమిషాలలో రూటరు పలకకపోతే పాతదే తిరిగి పెట్టాలి. ఒంగోలులో కూర్చుని ఒక అంకె తప్పు కొడితే ఇక్కడి యంత్రం అందకుండా పోతుంది. అప్పుడు మనిషి బస్సెక్కి రావలసిందే, ఈలోగా రెండు పూటల లెక్క ఇక్కడే ఆగుతుంది.

పాత లాగ్‌లను కొన్ని వారాలకే తుడిచివేసే ఏర్పాటు చాలా యంత్రాలలో ముందే వుంటుంది. దీనిని మాత్రం మేము ఒప్పుకోము. ఆడిట్ పూర్తయ్యేదాకా లాగ్ వుండాలి, నకలు మరోచోట వుండాలి. యంత్రం నడిపే చేతికి దానిని దిద్దే అధికారం ఇవ్వరాదు. బిల్లు రాని పూట లాగ్‌లో ఏమి వుందో చదివి వినిపించమని సభ్యులు కార్యదర్శిగారిని నిస్సంకోచంగా అడగవచ్చు.

అయితే లాగ్ చెప్పేది లెక్క చేరిందా లేదా అన్నంతవరకే. యంత్రం చూపిన వెన్న శాతం నిజమా కాదా అన్నది దానికి తెలియదు. ఆ అనుమానం వస్తే శాంపిల్ తీసి గెర్బర్ పరీక్ష చేయించవలసిందే.