ప్రాచీన మందిరము - నూతన విద్యుత్తు

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పట్టణమున కింగ్స్ కాలేజీ ప్రార్థనామందిరము కలదు. 1446లో పునాది పడిన ఆ కట్టడము పూర్తియగుటకు డెబ్బది యేండ్లకు దగ్గరగా పట్టినది. ఆ దేశమున చారిత్రక కట్టడములను మూడు తరగతులుగా పట్టికలో చేర్చుదురు. ఇది మొదటి తరగతికి చెందినది. పట్టిక కెక్కిన యింటికి స్వరూపము మారునట్టి పని యేదైనను అనుమతి లేక చేయుట నేరము.

మందిరపు సీసపు రేకుల కప్పును పునరుద్ధరించు సందర్భమున, ఎండనుండి విద్యుత్తును తీయు పలకలను 438 అమర్చుదమని కళాశాలవారు తలచిరి. హిస్టారిక్ ఇంగ్లండు సంస్థ మందిరపు రూపమునకు హాని యనెను. నగరసభ అధికారులును వలదనిరి. అయినను 2023 ఫిబ్రవరిలో సభ్యులు అనుమతి నొసగిరి. ఆ యేడాది చివరకు పలకలు కప్పు నెక్కినవి.

అధికారుల సంకోచమును మేము తప్పు పట్టము. సున్నముతో కట్టిన గోడ చెమ్మను పీల్చి, మరల గాలికి విడుచును. వెచ్చదనమునకై దానిపై గాలి చొరని పొర నంటించినచో చెమ్మ లోననే నిలిచి దూలములు కుళ్ళును. పాత యింటి సున్నపు గోడకు సిమెంటు పూయించి చేయి కాల్చుకొన్న శ్రోతలకు ఈ సంగతి మేము చెప్పనక్కరలేదు. కాని కప్పుపై పలకల మాట వేరు. అవి పాతిక ముప్పది యేండ్ల అతిథులు; తరువాత విప్పివేయవచ్చును. కావుననే మేము కళాశాలవారి పక్షము వహించుచున్నాము.

లండనులోని కెన్సింగ్టన్-చెల్సీ పురపాలకము 2022లోనే ఒక యుత్తరువు చేసినది. దానివలన అచటి రెండవ తరగతి యిండ్లలో పెక్కింటికి, షరతులకు లోబడి, విడిగా దరఖాస్తు పెట్టకయే ఇట్టి పలకల నమర్చుకొను వీలు కలిగినది.