గాలి ఎంత ఉంది?



సాఫ్ట్‌వేర్ మనిషిని సముద్రం గురించి మాట్లాడమన్నారు. తప్పు నాది కాదు, మా ఊరిది. ఐర్లండ్‌లో కార్క్ రేవు ఒడ్డున ఉన్న రింగాస్కిడీ మాది. కిటికీ తీస్తే ఓడలే. ఎదురుగా హాల్‌బౌలైన్ దీవి, దానిమీద నౌకాదళ స్థావరం. 1720లో ఆ దీవి మీదే మొదలైన రాయల్ కార్క్ యాట్ క్లబ్ ఇప్పుడు పక్కనే క్రాస్‌హేవెన్‌లో ఉంది. అయినా పదేళ్ళపాటు నేను పడవ ఎక్కలేదు.

కారణం ఉంది. మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చిన రాత్రి మా అమ్మ తాటిచెట్టును కరచుకుని బతికింది. మా ఇంట్లో సముద్రం అంటే అదే.

అలాంటిది, మా అమ్మాయి ఒకరోజు "నాన్నా, మన ఊరి మారిటైమ్ కాలేజీలో నాటికల్ సైన్స్ చదువుతాను" అంది. 2004లో తెరిచిన ఆ జాతీయ కళాశాల మా ఇంటినుంచి నడిచి వెళ్ళేంత దూరం. "ఇంజనీరింగ్ చదవమ్మా" అన్నాను, మా నాన్న నాతో అన్నట్టే. ఫోనులో అమ్మ, "పిల్లని నీళ్ళమీదికి పంపుతావట్రా?" అని ఏడ్చింది.

అమ్మాయి వాదించలేదు. ఒక కథ చెప్పింది.

మేయో కౌంటీలో జార్లత్ కునేన్ అనే ఆయన సొంతంగా ఒక అల్యూమినియం పడవ కట్టుకున్నాడు. పేరు నార్తబౌట్. 2001లో పాడీ బారీ, మరికొందరు మిత్రులతో కలిసి వెస్ట్‌పోర్ట్ నుంచి బయలుదేరి, కెనడా ఉత్తరాన మంచు దీవుల మధ్యనుంచి అలాస్కా వైపు చేరాడు. 1845లో బయలుదేరిన ఫ్రాంక్లిన్ రెండు ఓడలనూ, 129 మందినీ మింగిన దారి అది.

"మంచు దారి మూసేస్తే?" అన్నాను.

"మూసేసింది నాన్నా. 2004లో సైబీరియా మీదుగా తిరిగి వస్తుంటే. వాళ్ళు మొండికి పోలేదు. పడవను ఖతంగాలో వదిలి ఇంటికొచ్చి, మరుసటి వేసవిలో వెళ్ళి, 2005లో ఆర్కిటిక్ చుట్టు పూర్తిచేశారు."

తర్వాత మనవాళ్ళ కథ చెప్పింది. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి అనే తెరచాప నావలో ఆరుగురు నౌకాదళ అధికారిణులు బయలుదేరారు. వాళ్ళలో విశాఖ అమ్మాయి పి. స్వాతి, హైదరాబాదు అమ్మాయి బి. ఐశ్వర్య. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్ళు. ఇంటిదారిలో చుక్కాని యంత్రం చెడితే మారిషస్‌లో ఆగి, బాగుచేసుకుని, 2018 మే 21న గోవా చేరారు.

అప్పుడు నాకు తట్టింది. వీళ్ళంతా భయం లేనివాళ్ళు కారు, ఎక్కడ ఆగాలో తెలిసినవాళ్ళు. అమ్మ భయం కూడా తప్పు కాదు. ఆ రాత్రి దివిసీమలో ఆగే వ్యవధి ఎవరికీ దొరకలేదు. మా అమ్మాయి చదవబోయేది ఆ వ్యవధిని సంపాదించే విద్యే.

ముందు నేనే క్రాస్‌హేవెన్‌లో పడవ ఎక్కాను. వాంతులయ్యాయి, ఆ సంగతి వదిలేద్దాం. దిగాక దరఖాస్తు మీద సంతకం పెట్టాను.

అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. కానీ రోజూ ఫోనుచేసి మనవరాలిని అడుగుతోంది: "ఇవాళ గాలి ఎంత ఉందే?"