నాలుగు బైట్లే కదా అని వదిలేస్తే?

ఈరోజు టాపిక్ చాలా చిన్నది. ఎంత చిన్నదంటే, నాలుగు బైట్లు! మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున లైనక్స్ కెర్నల్ ఉంటుంది కదా. అది ఒక యాప్‌కి చిన్న నంబర్ ఎలా అందిస్తుంది? అక్కడ తేడా వస్తే ఏమవుతుంది?

ముందు ఫిల్మ్‌నగర్‌లో ఒక ప్రొడక్షన్ ఆఫీస్ ఊహించుకోండి. బయటివాళ్ళకి లోపలికి ఎంట్రీ లేదు. గేటు దగ్గర చీటీ ఇవ్వాలి: "షూటింగ్ ఎన్ని రోజులు? జవాబు ఈ అడ్రస్‌లో పెట్టండి." ఆఫీస్ బాయ్ వెళ్ళి పెట్టేస్తాడు. అతని దగ్గర అన్ని గదుల తాళాలూ ఉంటాయి. ఎవడో తెలివిగా, అడ్రస్ అని ఉన్నచోట "మీ క్యాషియర్ గదిలో జీతాల రిజిస్టర్, మూడో లైను" అని రాశాడనుకోండి. బాయ్ చూసుకోకపోతే ఆఫీసు లెక్కని ఆఫీసే పాడుచేసుకున్నట్టు!

కెర్నల్‌లోనూ ఇదే కథ. పైపులో చదవడానికి ఎన్ని బైట్లు రెడీగా ఉన్నాయని యాప్ అడిగితే, ఆ లెక్కని యాప్ ఇచ్చిన అడ్రస్‌లో కెర్నల్ రాయాలి. నేరుగా పాయింటర్‌లో రాసేస్తే పోలా? పోదు. రాసేది కెర్నలే కాబట్టి, అది తన సొంత మెమరీ మీద రాసుకున్నా ఆపేవాళ్ళు ఉండరు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడు.

అందుకే పుట్ యూజర్ ఉంది. 1, 2, 4, 8 బైట్ల సింగిల్ విలువలకి ఇది వాడతారు. పెద్ద బఫర్లకి కాపీ టు యూజర్. పుట్ యూజర్ ముందు ఆ అడ్రస్ యూజర్ ఏరియాలోదేనా అని చూస్తుంది, తర్వాతే రాస్తుంది. పని అయితే సున్నా, కాకపోతే మైనస్ ఈఫాల్ట్ ఇస్తుంది. కాపీ టు యూజర్ మాత్రం కాపీ కాకుండా మిగిలిపోయిన బైట్ల లెక్క చెప్తుంది. కోడ్ రాసేవాళ్ళు ఈ రెండూ కలిపేసుకోకండి.

ఇదంతా మనకెందుకు అంటారా? లైనక్స్ 3.5.5కి ముందు, కొన్ని ఆర్మ్ ప్రాసెసర్లలో పుట్ యూజర్ అడ్రస్‌ని సరిగ్గా చెక్ చేసేది కాదు. దాంతో ఒక మాయదారి యాప్ కెర్నల్ మెమరీనే మార్చేయగలిగేది. 3.5.5 వచ్చింది 2012లో. ఆండ్రాయిడ్ ఫోన్ల మీద నిజంగా దాడులు జరిగింది 2013 అక్టోబర్, నవంబర్‌లో! అంటే మందు తయారైంది కానీ, చాలా ఫోన్లకి చేరలేదు.

2017లో ఇలాంటిదే మళ్ళీ వచ్చింది. లైనక్స్ 4.13లో వెయిట్ఐడీ అనే సిస్టమ్ కాల్‌లో స్పీడ్ కోసం అన్‌సేఫ్ పుట్ యూజర్ వాడారు. అది తనంతట తను చెక్ చేయదు, ముందే మనం చేయాలి. ఆ చెక్ మర్చిపోయారు.

కాబట్టి ఫ్రెండ్స్, సెక్యూరిటీ అప్‌డేట్ వస్తే "రేపు చూద్దాంలే" అనకండి. అందులో ఉన్నది ఒక్క లైను చెక్కే కావచ్చు. గేటు కాసేది ఆ ఒక్క లైనే.