ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు

(వైశాఖ పౌర్ణమి సభలో చేసిన ప్రసంగ పాఠం)



తీరిక లేని జీవితంలో మనసును కాపాడుకోవడం గురించి మాట్లాడమని కార్యవర్గం నన్ను కోరింది. నేను వైద్యుణ్ణి కాను, భిక్షువునూ కాను. చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కనుక చరిత్రలో నేను చూసిన రెండు రకాల గదుల గురించి ముందుగా చెబుతాను.

మొదటిది మన పట్టణంలోనే ఉంది. సెల్యులార్ జైలు నిర్మాణం 1896లో మొదలై 1906లో పూర్తయింది. నడుమ ఒక బురుజు, దాని చుట్టూ ఏడు విభాగాలు, మూడేసి అంతస్తులు, 690కి పైగా గదులు. గదికి ఒక్కడే ఖైదీ. ఒక విభాగపు గదుల ముందు భాగం పక్క విభాగపు వెనుక గోడను చూసేలా కట్టారు. ఒక ఖైదీకి మరో ఖైదీ ముఖం కనిపించకూడదని ఆ ఏర్పాటు. 1912లో ఇందుభూషణ్ రాయ్ అక్కడే ప్రాణం తీసుకున్నారు. ఉల్లాస్కర్ దత్‌కు అక్కడే మతి చలించగా, ఆయనను తరువాత మద్రాసు మానసిక చికిత్సాలయానికి తరలించారు. వీరు సామ్రాజ్యాన్నే ఎదిరించిన ధైర్యశాలులు. అంతటివారి మనసు కూడా గాయపడిందంటే, మనసు గాయపడటం బలహీనుల లక్షణమని మనం ఎలా అనగలం?

రెండో రకం గది ఈ బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, విశాఖపట్నం దగ్గర తొట్లకొండ మీద ఉంది. మనలో చాలామంది పూర్వికులు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చినవారే కనుక ఆ కొండ మనకు పరాయిది కాదు. వాన నీటి కోసం రాతిలో తొలిచిన తొట్ల వల్ల దానికి ఆ పేరు వచ్చింది. అక్కడి తవ్వకాలలో సముద్రానికి ఎదురుగా భిక్షువుల విహారాలు బయటపడ్డాయి. అవీ చిన్న గదులే. అయితే వాటితో పాటు సమావేశ మందిరమూ, అందరూ కలిసి తినే భోజనశాలా ఉన్నాయి. భిక్షువు గదిలో ఒక్కడే కూర్చునేవాడు. లేచి బయటికి వస్తే అతని కోసం సంఘం ఉండేది. జైలు గది మనిషిని ఒంటరిని చేసింది, విహారపు గది ఏకాంతాన్నిచ్చింది. ఈ రెండింటికీ గల భేదమే ఈనాటి నా విషయం.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా నాన్నగారు స్వగ్రామంలో కన్నుమూశారు. సమయానికి టికెట్టు దొరకలేదు. ఓడలో సముద్రం దాటడానికే మూడు రోజులు పడుతుంది. అంతవరకు ఆగడం అక్కడివారికి వీలుకాలేదు. దహనం నేను లేకుండానే ముగిసింది. నేను మరునాడే తరగతికి వెళ్లాను. పరీక్షల విధులు, మూల్యాంకనం, సాయంత్రం ఇంటి పనులు. తీరిక లేకపోవడమే మంచిదనుకున్నాను. మూడు నెలలు సరిగా నిద్ర పట్టలేదు. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని తరగతి ముందు అవమానించాను. ఆ కుర్రవాడి ముఖం ఇప్పటికీ నన్ను వదలలేదు.

ఆ సాయంత్రం మా పొరుగున ఉండే వృద్ధ మత్స్యకారుడు నా పక్కన అరుగు మీద కూర్చుని అడిగాడు: ‘‘మీ నాయన ఎలాటోడు బాబూ?’’ మూడు నెలల్లో ఆ ప్రశ్న అడిగినవారు మరొకరు లేరు. రాత్రి పొద్దుపోయేదాకా నాన్న గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన ఏ సలహా ఇవ్వలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది. మరునాడు ఆ విద్యార్థిని అందరి ముందే క్షమాపణ అడిగాను.

జైలు చరిత్రను ఆ తరువాత మరో కన్నుతో చదివాను. 1933 నిరాహారదీక్షలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్రా ప్రాణాలర్పించారు. ఆ పోరాటం ఫలితంగా ఖైదీలకు దీపాలు, పుస్తకాలు, కలిసి చదువుకునే అవకాశం లభించాయి. గోడలు మారలేదు, శిక్షలు తగ్గలేదు. అయినా ఆ జైలే వారికి పాఠశాల అయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత మన దీవుల శిబిరాలలో పనిచేసిన బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు కూడా ఉమ్మడి కుటుంబాలు, ఊరి ఐకమత్యం బాధితులకు రక్షణగా నిలిచాయని గమనించారు.

భగవానుడు ఈ రెండు అవసరాలనూ ఎరిగినవాడు. పాదాలు నెత్తురోడేలా సాధన చేసిన సోణునికి, వీణ తీగ మరీ బిగిసినా మరీ సడలినా పలకదని గుర్తు చేశాడు. తోటి భిక్షువులు పట్టించుకోక మలినంలో పడి ఉన్న రోగిని ఆనందునితో కలిసి స్వయంగా కడిగి, మీకు మీరే దిక్కు కనుక ఒకరినొకరు చూసుకోవాలని సంఘానికి బోధించాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. మనసును నిలుపుకోమనడం అన్యాయాన్ని భరించమనడం కాదు. దుఃఖానికి సామాజిక కారణాలు కూడా ఉన్నాయని బాబాసాహెబ్ నేర్పారు. 1956 అక్టోబరు 14న నాగపూరులో ఆయన ఒంటరిగా ధ్యానానికి కూర్చోలేదు. లక్షలాది మందితో కలిసి దీక్ష తీసుకున్నారు. రెండు పూటలా పనిచేసినా ఇల్లు గడవని కూలీకి శ్వాసను గమనించమని మాత్రమే చెప్పి పంపితే అది ధమ్మం కాజాలదు. అతని కూలి గురించి కూడా మనం మాట్లాడాలి.

ఆచరణకు మూడు మాటలు మనవి చేస్తాను.

మొదటిది గది. రోజూ పది నిమిషాలు ఫోను పక్కన పెట్టి కూర్చోండి. లోనికి వచ్చే శ్వాసను, బయటికి పోయే శ్వాసను గమనించండి. మనసు పరుగెడుతుంది; అది తప్పు కాదు. పరుగెత్తిందని తెలిసినప్పుడల్లా మెల్లగా శ్వాస దగ్గరికి తీసుకురండి.

రెండోది మందిరం. పూర్వం భిక్షువులు ఉపోసథ దినాలలో సమావేశమయ్యేవారు. వర్షావాసం ముగిశాక, నాలో చూసిన దోషాలు చెప్పండని పవారణ నాడు ఒకరినొకరు అడిగేవారు. మన సంఘం కూడా ప్రతి పౌర్ణమి వందన తరువాత ఒక అరగంట కేటాయించాలని నా ప్రతిపాదన. ఇష్టమైనవారు తమ కష్టం చెప్పుకుంటారు, మిగిలినవారు వింటారు. అడగనిదే సలహా ఇవ్వరాదు. విన్న మాట గడప దాటరాదు.

మూడోది వైద్యం. వినయపిటకంలో ఔషధాలకు ఒక అధ్యాయమే ఉంది. రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి, ఉత్సాహం తిరిగి రాకపోతే వైద్యుణ్ణి కలవండి. బతకాలని లేదనే తలంపు వస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా లభిస్తుంది. జ్వరానికి మందు వేసుకున్నవాడిని మనం నిందించం కదా!

ఈ సభ ముగిశాక అందరం ఓడలు, దుకాణాలు, దస్త్రాలు, పిల్లల చదువులంటూ మళ్లీ పనులలో పడతాం. వెళ్లే ముందు పక్కన కూర్చున్నవారి వైపు ఒకసారి తిరగండి. బాగున్నారా అని అడిగి, జవాబు వినేదాకా ఆగండి.

నమో బుద్ధాయ. జై భీమ్.