మొదటి స్వెట్టరు: ఊలు, సలాయి, లెక్క

(మహిళా విభాగం సమావేశంలో అల్లిక తరగతి తరఫున చేసిన ప్రసంగ పాఠం)



స్వెట్టరు అల్లడం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేం ఉపన్యాసాలు ఇచ్చేవాళ్ళం కాము. మా చేతుల్లో ఎప్పుడూ ఊలే గాని మైకు లేదు. అంచేత తరగతిలో చెప్పినట్టే ఇక్కడా చెబుతాం. అర్థం కాకపోతే చెయ్యెత్తి అడగండి.

మన ఇళ్ళలో ట్రంకుపెట్టె అడుగున వెతికితే సగం అల్లి వదిలేసిన స్వెట్టరు ఒకటి దొరుకుతుంది. వీపు భాగం పూర్తయి ఉంటుంది. ముందు భాగం సగంలో ఆగి, సలాయి దానికే గుచ్చి ఉంటుంది. ఏ బిడ్డ కోసం మొదలుపెట్టారో ఆ బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతుంటుంది. ఆమెకు ఓపిక లేదని ఇంట్లోవాళ్ళు అంటారు. మేం ఒప్పుకోం. తప్పు చాలావరకు ఓపికది కాదు, మొదలుపెట్టిన తీరుది. మొదటిసారే పువ్వుల డిజైను ఎంచుకుంటారు. మాయదని నల్ల ఊలు కొంటారు. కొలత చూడకుండా పక్కింటామె చెప్పినన్ని ఫందాలు ఎక్కిస్తారు. ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బు అలా పెట్టెలో పడి ఉంటుంది. మళ్ళీ ఊలుకు డబ్బు అడగడానికి ఆమెకే మొహం చెల్లదు. కాబట్టి మొదటి స్వెట్టరు పూర్తి కావాలి, వేసుకునేవాళ్ళకు సరిపోవాలి. ఈ రెండే మా పట్టుదల. సొగసు సంగతి రెండో స్వెట్టరుకు చూసుకుందాం.

ఫందా అన్నామని తెలుగు పంతులమ్మలు కోప్పడవద్దు. తెలుగులో కుట్టు అనవచ్చు గాని, సూదిదారంతో వేసే కుట్టుకూ దీనికీ గందరగోళం వస్తుంది. మన అమ్మమ్మలు ఫందా, సలాయి, సీదా, ఉల్టా అన్నారు. ఆ మాటలే మనకు చేతికి అలవాటు.

మొదట హాఫ్ స్వెట్టరే అల్లమంటాం. మన ప్రాంతపు చలి ఎంతని? ఆదిలాబాద్ వైపు, అరకు వైపు తప్పిస్తే డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున, రాత్రిపూట కాస్త వణికిస్తుంది, అంతే. బడికి పోయే పిల్లకు, ఫజర్ వేళకు లేచే ముసలివాళ్ళకు గుండె, వీపు వెచ్చగా ఉంటే చాలు. కువైట్‌లో, రియాద్‌లో ఉన్న మనవాళ్ళకు మాత్రం చేతులున్నదే పంపాలి. అక్కడ ఎండ సంగతే అందరూ చెప్పుకుంటారు గాని జనవరి రాత్రి చలి సంగతి వెళ్ళినవాళ్ళను అడగాలి.

ఇక ఊలు. కొట్లో ఊలు అన్నదల్లా గొర్రెబొచ్చు కాదు. కాష్మిలాన్ అని ఏళ్ళుగా అడిగి తెచ్చుకుంటున్నది అక్రిలిక్, అంటే మిల్లులో తయారైన దారం. అది చెడ్డదని కాదు. చవక, ఉతకడం తేలిక, చిమ్మెట కొట్టదు. నేర్చుకునేవాళ్ళకు అదే మంచిది. కాని వేడి ఇస్త్రీపెట్టె పెట్టారంటే చచ్చిపోతుంది. ఎత్తు అణగారి చాపలా తయారవుతుంది, మళ్ళీ కోలుకోదు. అసలు ఊలుకు వేడినీళ్ళు, రుద్దుడు పనికిరావు. వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకొని ముద్దయి, పెద్దవాళ్ళ స్వెట్టరు పిల్లలదవుతుంది. నూలుదారం చల్లగా, మెత్తగా ఉంటుంది గాని సాగి వెనక్కి రాదు. బరువుకు కిందికి వేలాడుతుంది. దానిజోలికి మొదట్లో వద్దు.

ఏది ఏదో తెలియకపోతే జానెడు దారం తెంపి, పట్టకారుతో పట్టుకొని తొట్టి దగ్గర అంటించి చూడండి. పిల్లలు పక్కన ఉండరాదు. గొర్రె ఊలు కాలిన వెంట్రుకల వాసన వేస్తుంది, బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. ఆ కరిగేది ఒంటికి అంటుకుంటే ఏమవుతుందో ఆలోచించండి. వేలాడే చేతుల అక్రిలిక్ స్వెట్టరుతో గ్యాసుపొయ్యి దగ్గర నిలబడవద్దు. ఈ మాట మాత్రం ఇంటికెళ్ళి కోడళ్ళకు, కూతుళ్ళకు చెప్పండి.

రంగు లేతది తీసుకోండి. లేత నీలం, గులాబి, గంధం రంగు ఏదైనా సరే, దీపం వెలుగులో ఫందా కనబడాలి. నూగు నూగుగా ఉన్నది, ముడులు ముడులుగా ఉన్నది చూడముచ్చటగానే ఉంటాయి. విప్పాల్సివస్తే ఏడుపొస్తుంది. లావు సంగతి చూడాలంటే ప్లై అంకెను నమ్ముకోవద్దు. దారాన్ని లాగకుండా స్కేలు మీద పక్కపక్కనే చుట్టండి. అంగుళంలో 11 నుంచి 14 చుట్లు పడితే మనకు కావలసిన మధ్యరకం. ఆరేళ్ళ పిల్ల హాఫ్ స్వెట్టరుకు 150 గ్రాములు తెస్తే మిగలాలే గాని తగ్గదు. అంతా ఒకేసారి కొనండి. చీటీ మీది రంగు లాటు నంబరు అన్ని ఉండలకూ ఒకటేనా చూడండి. కొట్లో ఒకేలా కనబడిన రెండు లాట్లు అల్లాక ఎండలో చారలు తేలుతాయి. తప్పనిసరై వేరే లాటు కలపాలంటే రెండు వరుసలు దీనితో, రెండు వరుసలు దానితో మార్చి మార్చి అల్లితే కన్ను పట్టదు.

సలాయి 8 నంబరు తీసుకోండి, అంటే 4 మిల్లీమీటర్లు. అంచులకు 10 నంబరు, అది 3.25. మన బజారులో నంబరు పెరిగేకొద్దీ సలాయి సన్నబడుతుంది. అమెరికా వాళ్ళది తలకిందులు. అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. ఫోనులో వీడియో చూసి అల్లేవాళ్ళు నంబరు వదిలిపెట్టి మిల్లీమీటర్లే చూసుకోండి. వెదురు సలాయి దొరికితే మరీ మంచిది, ఫందాలు జారవు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. డిజైను అంటే పువ్వులూ లతలూ అనుకుంటారు. స్వెట్టరు డిజైనంటే లెక్క. ఐదో తరగతి గుణకారం వస్తే చాలు. ముందు 30 ఫందాలు ఎక్కించి, ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టాగా ఐదంగుళాల ఎత్తు ముక్క అల్లండి. దాన్ని ఉతికి, పరచి ఆరబెట్టి, నడిమి నాలుగంగుళాల్లో ఎన్ని ఫందాలున్నాయో లెక్కపెట్టండి. ఈ ముక్క దండగని అందరూ ఎగ్గొట్టాలనుకుంటారు. దండగ కాదు, స్వెట్టరును కాపాడేది అదే.

ఆరేళ్ళ పిల్ల ఛాతీ చుట్టుకొలత 24 అంగుళాలనుకుందాం. లోపల చొక్కా ఉంటుంది, పిల్ల ఎదుగుతుంది, అంచేత 3 అంగుళాలు వదులు. మొత్తం 27, అందులో సగం పదమూడున్నర. నాలుగంగుళాలకు 22 ఫందాలు వస్తే అంగుళానికి ఐదున్నర. పదమూడున్నరను ఐదున్నరతో గుణిస్తే 74 చిల్లర. పక్క కుట్లలోకి పోయే రెండు కలిపి 76. మీది బిగుతు చెయ్యి అయి నాలుగంగుళాలకు 24 పడ్డాయనుకోండి, అవే 76 ఫందాలతో చుట్టుకొలత 25 అంగుళాలు కూడా రాదు. రెండే రెండు ఫందాల తేడాకు పిల్ల చేతులెత్తలేదు. పక్కింటామె చెప్పిన లెక్క ఆమె చేతికి సరిపోతుంది, మన చేతికి కాదు.

ఆ 76 ఫందాలను సన్న సలాయి మీద వదులుగా ఎక్కించి, రెండు సీదా, రెండు ఉల్టాగా రెండంగుళాల అంచు అల్లండి. తర్వాత 8 నంబరుకు మార్చి సాదాగా పైకి పొండి. ఎనిమిదిన్నర అంగుళాలు వచ్చాక చంక మొదలు. ఫందాలు తగ్గించే పనిలేదు. అటు ఐదు, ఇటు ఐదు ఫందాలను ఇక్కణ్ణుంచి రెండు వైపులా సీదాయే అల్లితే అంచు ముడుచుకోదు, వేరే పట్టీ అక్కర్లేదు. మొత్తం 15 అంగుళాలు. చివరి ఆరు వరుసలు పూర్తిగా సీదా వేసి, లావు సలాయితో వదులుగా మూసేయండి. ఇలాంటివి రెండు. భుజానికి 15 చొప్పున కలిపి కుడితే నడుమ 46 మెడకు మిగులుతాయి. తల దూరకపోతే ఎడమ భుజం కుట్టకుండా రెండు బొత్తాలు, దారపు కాజాలు పెట్టండి. భుజం కాస్త కిందికి జారి కూర్చుంటుంది. అది ఈ పద్ధతి తీరు, తప్పు కాదు.

నడుమ ఒక ఫందా జారి కింద నిచ్చెనలా విడిపోతే గుండె బాదుకొని మొత్తం విప్పవద్దు. క్రోషా సూదితో ఒక్కొక్క మెట్టే పైకి లాక్కొని రావచ్చు.

చేతులు కావాలనుకున్నవాళ్ళు రెండో స్వెట్టరుకు చేయండి. ఎలిజబెత్ జిమ్మర్మన్ అని ఇంగ్లండులో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఒకామె, అల్లికపై 1971లో పుస్తకం వేసింది. ఆమె చూపిన దారి మాకు నచ్చింది. ఒంటి చుట్టూ ఉన్న మొత్తం ఫందాలను నూరనుకుంటే మణికట్టు దగ్గర సుమారు ఐదోవంతు, చంక దగ్గర మూడోవంతు పెడితే చాలంటుంది. మన పద్ధతిలో భుజం జారి ఉంటుంది కాబట్టి చంక దగ్గర ఇంకాస్త వెడల్పు కావాలి. చెయ్యి పొడవు మాత్రం భుజం నుంచి కొలవకండి. మెడ వెనక ఎముక నుంచి మణికట్టుదాకా కొలిచి, అందులోంచి వీపు వెడల్పులో సగం తీసేయండి.

మధ్యలో ఒక ముచ్చట. ఇప్పటిదాకా దొరికిన అతి పాత అల్లికల్లో ఈజిప్టులో బయటపడ్డ మేజోళ్ళు ఉన్నాయి. 11వ శతాబ్దానికీ 14వ శతాబ్దానికీ మధ్యవంటారు. నీలం, తెలుపు దారాలతో అల్లినవి, కొన్నింటి డిజైనులో అరబీ అక్షరాలు కూడా ఉన్నాయి. ఊలు కాదు సుమా, నూలు. వేడి దేశంలో మనకెందుకీ పని అనేవాళ్ళకు చెప్పడానికి పనికొస్తుంది.

పసిబిడ్డకు అల్లేవాళ్ళు ముందు తెరుచుకునేటట్టు అల్లండి. మెడకు రిబ్బన్లు, తాళ్ళు వద్దు. వేళ్ళు ఇరుక్కునే చిల్లుల డిజైను వద్దు. లోపలివైపు దారం కొసలు వదలకుండా దాచండి. ఒక్క పోగు పసిబిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాచిపోతుంది. బిడ్డ ఎందుకు ఏడుస్తున్నదో తెలియదు.

సొసైటీ పెద్దలకు ఒక విన్నపం, కోపం తెచ్చుకోవద్దు. ఈ తరగతిని జీవనోపాధి శిక్షణ అని కరపత్రంలో వేయకండి. ఇప్పుడు చెప్పిన చిన్న హాఫ్ స్వెట్టరులోనే సుమారు 16,000 ఫందాలున్నాయి. నిమిషానికి 15 అల్లినా దాదాపు 18 గంటలు, కుట్టడం వేరే. లూధియానా మిషన్ల మీద తయారైనవి మన ఊళ్ళలో చలికాలం దుకాణాలకు వస్తాయి. వాటి ధరలో మనకు కూలి కాదు కదా, ఒక్కోసారి ఊలు ఖరీదు కూడా రాదు. మొగుడు పోయి, ఇల్లు గడవని ఆడమనిషి కరపత్రం చూసి ఆశతో వస్తే మేం ఆమెకు ఏం చెప్పాలి? ఆమెను కుట్టుమిషను తరగతికి పంపండి, జాకెట్టుకూ ఫాలుకూ గిరాకీ ఏడాది పొడుగునా ఉంటుంది. అల్లికకు వచ్చేవాళ్ళు తమ బిడ్డ కోసం, తమ అమ్మీ కోసం రావాలి. సొసైటీ చేయగలిగింది ఒకటుంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ మొదటి 150 గ్రాముల ఊలు, ఒక జత సలాయి ఇప్పించండి. ఊలు పాడవుతుందన్న భయం లేకపోతే చెయ్యి తిరుగుతుంది.

అదీ కుదరకపోతే పాత స్వెట్టర్లు ఇవ్వండి. చేత్తో అల్లినవైతే పక్క కుట్లు జాగ్రత్తగా ఊడదీసి, మూసిన కొస నుంచి లాగితే దారం దారంగా వస్తుంది. మిషను మీద కత్తిరించి కుట్టినవి తేవద్దు, వాటిలోంచి తుంపులే వస్తాయి. విప్పిన దారం ఉంగరాలు తిరిగి ఉంటుంది. కుర్చీ వీపుకు చుట్టి చిలప చేసి, నాలుగుచోట్ల వదులుగా కట్టి, చన్నీళ్ళలో నానబెట్టి, అడుగున చిన్న బరువు కట్టి నీడలో వేలాడదీయండి. ఆరాక ఉండ చుట్టుకోండి, మరీ బిగించి చుట్టవద్దు.