ఆఠీన్ పడింది, నేనే గెలిచా... కానీ ఆడింది తప్పు! (పోకర్ లెక్క చింతపిక్కలతో)

 

ఈ జనవరిలో నీలకంఠేశ్వర స్వామి జాతరకి ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్లా. మా మామ వాళ్లింట్లో రాత్రి భోజనాలయ్యాక మిద్దె మీద చాప పరిచి కూర్చున్నాం. పేక తెచ్చారు. రమ్మీ ఎప్పుడూ ఉండేదే కదా అని నేనే పోకర్ నేర్పించా. డబ్బుల్లేవు, పందెం అంతా చింతపిక్కలే.

తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. ఈ ఆట పేరు లిమిట్ హోల్డెమ్. ఒక్కొక్కరికి 2 ముక్కలు మూసి ఇస్తారు. మధ్యలో అందరికీ కలిపి 5 తెరుస్తారు: మొదట 3, అది ఫ్లాప్. తర్వాత 1, టర్న్. చివర్లో ఇంకో 1, రివర్. లిమిట్ అంటే ఎంత కట్టాలో ముందే ఫిక్స్. మాకు ఫ్లాప్ దాకా 2 పిక్కలు, టర్న్ నుంచి 4 పిక్కలు. ఎక్కువ కట్టి భయపెడదామంటే కుదరదు.

ఇప్పుడు మా మామ గురించి. ఆయన చాలా జాగ్రత్త మనిషి. ముక్క బాలేదంటే వెంటనే పడేస్తాడు. ఆయన కట్టాడంటే చేతిలో ఏదో ఉన్నట్టే. మా ఫ్రెండ్ కూడా అదే టైపు.

నాకు ఆఠీన్ 9, ఆఠీన్ 8 వచ్చాయి. మామ, నేను, ఫ్రెండ్ ముగ్గురం మిగిలాం. మధ్యలో మొత్తం 7 పిక్కలు. ఫ్లాప్ తెరిస్తే ఆఠీన్ రాజు, ఆఠీన్ 4, కళావర్ 2. అంటే నాకు నాలుగు ఆఠీన్లు. ఇంకొక్కటి పడితే ఐదూ ఒకే రంగు, ఫ్లష్. మూడు ముక్కలాటలో కలర్ అంటాం చూడండి, అట్లాంటిదే. ఇట్లా ముక్క కోసం ఎదురుచూసే చేతిని డ్రా అంటారు. ప్రస్తుతానికి చేతిలో ఏమీ లేనట్టే.

ఫ్రెండ్ చెక్ అన్నాడు. మామ 2 కట్టాడు. మధ్యలో 9 అయ్యాయి, నేను 2 కట్టాలి. కట్టాలా, వద్దా?

లెక్క చూడండి. నాకు కనిపించని ముక్కలు 47. వాటిలో ఆఠీన్లు 9, మిగతావి 38. అంటే 9 సార్లు నాకు మంచి, 38 సార్లు చెడు. 38ని 9తో భాగిస్తే సుమారు 4.2. అంటే నేను పెట్టే 1కి కనీసం 4.2 రావాలి. ఇక్కడ 2 పెడితే 9, అంటే 1కి 4.5. సరిపోయింది. కట్టా. ఫ్రెండ్ పడేశాడు.

టర్న్‌లో ఇస్పేట్ 3. నాకు పనికిరాదు. మామ మళ్లీ కట్టాడు, ఈసారి 4. మధ్యలో 15. నేను 4 కట్టాలి. 15ని 4తో భాగిస్తే 3.75. కావాల్సింది 37ని 9తో భాగిస్తే వచ్చే 4.1. సరిపోలేదు. అయినా కట్టా. 'పడుతుందిలే' అనిపించింది.

పడింది! రివర్‌లో ఆఠీన్ రాణి. ఎగిరి గంతేసినంత పని చేశా. 4 కట్టా. మామ ముక్కల వైపు ఒక్కసారి చూసి, పడేసి నవ్వాడు. "మూడు ఆఠీన్లు కనపడతాండాయి కదా అల్లుడా. నేనెందుకు కడతా? తీస్కో."

నిద్రపోయేముందు ఆ మాటే గుర్తొచ్చింది. ఫోన్లో లెక్కేశా. ఇక్కడే అసలు విషయం ఉంది ఫ్రెండ్స్.

అదే టర్న్‌ని 46 సార్లు ఆడాననుకోండి. 9 సార్లు గెలిచి 15 చొప్పున 135 వస్తాయి. 37 సార్లు ఓడి 4 చొప్పున 148 పోతాయి. మొత్తం మీద 13 పిక్కలు నష్టం. మామ ప్లేస్‌లో రివర్‌లో కూడా కట్టే మనిషి ఉంటే, గెలిచినప్పుడల్లా ఇంకో 4 వస్తాయి. 9 సార్లు 19 అంటే 171. ఇప్పుడు 23 లాభం. ముక్కలు అవే. ఎదురుగా కూర్చున్న మనిషి మారాడు, అంతే. జాగ్రత్తగా ఆడేవాళ్ల మీద డ్రా పడినా, మనకి కట్టేవాళ్లుండరు.

మరి వాళ్ల మీద డ్రా వేస్టా? కాదు. వాళ్లు వెనక్కి తగ్గినప్పుడు మనమే కట్టాలి. టర్న్‌లో మామ కట్టకుండా చెక్ అని ఉంటే, మధ్యలో 11 ఉండేవి. అప్పుడు నేను 4 కడితే రెండు దార్లు: ఆయన పడేస్తే 11 వెంటనే నావి, పడేయకపోతే ఆఠీన్ పడే ఛాన్స్ ఎట్లాగూ ఉంది. 100లో 22 సార్లు కంటే ఎక్కువ పడేస్తాడనిపిస్తే, ఊరికే చెక్ అనడం కంటే కట్టడమే మంచిది. ఆయన కడితే మనం ఆగాలి, ఆయన ఆగితే మనం కట్టాలి.

ఇంత లెక్క ఎందుకంటే, బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు ఒక యాప్‌లో నెల జీతం పోగొట్టుకున్నా. ఓడిన 37 సార్లు గుర్తుండవు, గెలిచిన 9 సార్లే గుర్తుంటాయి. పైగా యాప్ ప్రతి ఆటలో తన వాటా తీసుకుంటుంది. ఇందాక ఫ్లాప్‌లో 9 ఉన్నాయి కదా? 1 పిక్క కమీషన్ తీసేయండి. 8కి 2, అంటే 1కి 4. కావాల్సింది 4.2! కరెక్టుగా ఆడిన ఆట కూడా తప్పయిపోయింది.

'ఇది స్కిల్ గేమ్ బ్రో' అంటారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో రమ్మీలో నైపుణ్యమే ఎక్కువని సుప్రీంకోర్టు 1967లో చెప్పిన మాట నిజమే. కానీ మన ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఆన్‌లైన్‌లో డబ్బుతో రమ్మీ, పోకర్ ఆడటాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం స్కిలా, లక్కా అని చూడకుండా ఆన్‌లైన్ మనీ గేమ్స్ అన్నిటినీ నిషేధించింది. టెలిగ్రామ్‌లో ఎవరో లింక్ పంపి రమ్మంటే వెళ్లకండి. ఆడాలనిపిస్తే చింతపిక్కలున్నాయి, మా మామ ఉన్నాడు.

చివరగా ఒక ప్రశ్న. ఫ్లాప్‌లో మీకు పనికొచ్చే ముక్కలు 9 కాదు, 4 మాత్రమే. 1కి ఎంత రావాలి? లెక్కేసి కామెంట్‌లో పెట్టండి. నచ్చితే లైక్ చేయండి, రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని 'ఇంకొక్క ఆట' అనే ఫ్రెండ్ ఉంటే వాడికి పంపండి. ఉంటా మరి.