పరాయి దేశంలో పండుగ పూట



ఎడబాటు మన జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఆడవాళ్ళకు కొత్త కాదు. సాంచాల పని వెతుక్కుంటూ సిరిసిల్ల నుంచి భివండికీ, షోలాపురానికీ తరలిపోయిన కుటుంబాలు ఎన్నో. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో దుబాయికో, మస్కట్‌కో పోయిన మనిషి లేని వాడకట్టు ఉండదు. పండుగనాడు ఒక విస్తరి తక్కువ వేసుకోవడం మన తల్లులూ, అత్తలూ ఏనాడో నేర్చుకున్నారు.

అయితే ఈ మధ్య ఇంకొక రకం ప్రయాణం మొదలైంది. ఇది మగవాళ్ళు పనికి పోవడం కాదు, ఆడపిల్లలు కూడా చదువుకు పోవడం. అందులోనూ జర్మనీ పేరు ఇప్పుడు మన ఇళ్ళలో తరచు వినబడుతున్నది. కారణం తెలిసిందే. అక్కడి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల చదువుకు ఫీజు ఉండదు. కాని వీసా కావాలంటే ఏడాది బతుకు ఖర్చు ముందే బ్యాంకులో కట్టి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది 11,904 యూరోలు. ఆ డబ్బు నెలకు 992 యూరోల చొప్పున పిల్లల చేతికి వస్తుంది. దానికోసం ఎకరమో, అరెకరమో తాకట్టు పెట్టిన ఇళ్ళు మనకు తెలియనివి కావు. 2022-23 శీతాకాలం చదువులనాటికే జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో చైనా వాళ్ళను దాటి మన దేశం పిల్లలు మొదటి స్థానంలోకి వచ్చారు. ఆ మరుసటి ఏడాదికి వాళ్ళ సంఖ్య 49 వేలు దాటింది.

ఇంతమంది పిల్లలున్నారు గదా, తోడుకేం కొదవ అంటారేమో. డిసెంబరు ఆఖరి వారం వచ్చేవరకూ కొదవ లేదు. అసలు చిక్కు అప్పుడే.

అక్కడ డిసెంబరులో పొద్దు పొడిచేసరికి ఎనిమిదవుతుంది. సాయంత్రం నాలుగింటికే చీకటి. చలికాలంలో మనకూ వాళ్ళకూ నాలుగున్నర గంటల తేడా. మనం వంటిల్లు సర్దుకుని రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తే అక్కడ నాలుగున్నర. అయినా కిటికీ అవతల మన అర్ధరాత్రిలాగే ఉంటుంది. 24వ తేదీ మధ్యాహ్నం రెండింటికల్లా దుకాణాలు మూసేస్తారు. 25, 26 రెండు రోజులూ సెలవే. హాస్టళ్ళు ఖాళీ అయిపోతాయి. వంటగదిలో పలకరించే మనిషి ఉండడు. పాలు నిండుకుంటే రైల్వే స్టేషన్‌కో, పెట్రోలు బంకుకో వెతుక్కుంటూ పోవాలి. ఫోనులో "తిన్నానమ్మా" అనే మాట వింటాం గాని, తిన్నదేమిటో మనకు కనబడదు.

అటువంటప్పుడు తోటి విద్యార్థిని ఎవరో "మా ఇంటికి రా, పండుగ మాతో చేసుకో" అని పిలుస్తుంది. మన పిల్ల ఫోనులో అడుగుతుంది. మన నోట వచ్చే మాట ఏమిటి? "వాళ్ళెవరో, ఏం తింటరో, ఏం తాగుతరో! మన పండుగ కాదు, మన దేవుడు కాదు. పోకు బిడ్డా, రూములనే ఉండు."

ఈ భయం తప్పని నేననను. ఆడపిల్ల తల్లులం, అడగవలసినవి అడగాలి. ఆ ఇంటివాళ్ళ పేరు, ఊరు, ఫోను నంబరు రాసి పెట్టుకోవాలి. ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఎన్ని రోజులు, తిరిగి వచ్చే రైలు ఎప్పుడు, అన్నీ తెలుసుకోవాలి. ఆపదకు 112, సెలవు రోజుల్లో డాక్టరు కోసం 116117 అనే నంబర్లు పిల్లకు కంఠతా ఉండాలి. ఇవన్నీ సరిచూసుకున్న తరువాత మాత్రం, వెళ్ళమనే చెప్పండి. ఎందుకంటున్నానో నా అనుభవంతో చెబుతాను.

మా అమ్మాయి డ్రెస్డెన్‌లో చదువుతున్నది. 2024 డిసెంబరులో నేను తన దగ్గరకు వెళ్ళినప్పుడు తన స్నేహితురాలి ఇంటివాళ్ళు మా ఇద్దరినీ పండుగకు పిలిచారు. వాళ్ళ ఊరు పోలండ్ సరిహద్దులో ఉన్న గోర్లిట్జ్ పట్టణం పక్కన. డ్రెస్డెన్ నుంచి రైల్లో గంటకు పైగా పడుతుంది.

ముందు సామాను సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మీకు పనికివచ్చే సంగతి. ఐరోపాకు మాంసంగాని, పాలుగాని, పాలతో చేసినవిగాని మన వెంట తీసుకెళ్ళనివ్వరు. నెయ్యి, పాలకోవా పెట్టకండి. పచ్చి కరివేపాకు, మామిడిపళ్ళు కూడా తగిన సర్టిఫికెట్టు లేకుండా కుదరదు. నేను సకినాలు పట్టుకెళ్ళాను. బియ్యప్పిండి, నువ్వులు, ఓమ, నూనె తప్ప మరేమీ ఉండదు గదా. డబ్బాలో గుడ్డముక్కలు దట్టంగా పరిచి సర్దితే సగానికి పైగా విరగకుండా చేరాయి! ఇంటి ఇల్లాలికి కరీంనగర్ వెండి తీగ పని కుంకుమ భరిణె ఒకటి. ఖరీదైన కానుకలు అక్కర్లేదు. మన ఊరి చేతిపని అయితే దాని గురించి నాలుగు మాటలు చెప్పడానికి వీలుంటుంది.

మూడింటికి రమ్మన్నారు. అక్కడ మూడంటే మూడే. ఆలస్యమైతే ముందే ఫోను చేసి చెప్పాలి. గుమ్మంలో అందరూ బూట్లు విడిచి ఇంట్లో తొడుక్కునే చెప్పులు వేసుకుంటుంటే చూసి, మన పద్ధతే గదా అని నాకు ప్రాణం కుదుటపడింది.

బల్లమీద ఫర్ కొమ్మలతో అల్లిన చక్రం, దానిమీద నాలుగు కొవ్వొత్తులు ఉన్నాయి. పండుగకు ముందు వచ్చే నాలుగు ఆదివారాల్లో వారానికొకటి చొప్పున వెలిగిస్తారట. దీని కథ తెలిస్తే మీకు నచ్చుతుంది. 1839లో హాంబర్గులో విఖెర్న్ అనే పాదరీగారు దిక్కులేని పిల్లల్ని చేరదీసి ఒక ఆశ్రమం నడిపేవారు. "పండుగెప్పుడు, పండుగెప్పుడు" అని పిల్లలు రోజూ వేధిస్తుంటే, ఒక పాత బండిచక్రం తెచ్చి దానిమీద కొవ్వొత్తులు అమర్చి రోజుకొకటి వెలిగించారు. లెక్క పెట్టుకోమన్నారన్నమాట. మనం ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల బతుకమ్మను పేరుపేరునా లెక్కపెట్టుకోమూ? పండుగ కంటె దానికోసం ఎదురుచూపే తీపి అని ఏ దేశం పిల్లలకైనా తెలుసు.

సాయంత్రం చర్చికి బయల్దేరుతూ మమ్మల్ని కూడా అడిగారు, బలవంతపెట్టలేదు. వెళ్ళి వెనుక వరుసలో కూర్చున్నాం. పాట వచ్చినప్పుడు అందరితో లేచి నిలబడ్డాం. మన కొండగట్టు గుడికి పరాయి మతం మనిషి వచ్చి మర్యాదగా ఓ పక్కన నిలబడితే మనమేమనుకుంటాం? సంతోషిస్తాం. వాళ్ళూ అంతే.

ఇక భోజనం. ఆ రోజు మంగళవారం. అంజన్న వారం కాబట్టి మా ఇంట్లో నీచు ముట్టము. ఈ సంగతి అమ్మాయి పది రోజుల ముందే చెప్పి ఉంచింది. ఇది చాలా ముఖ్యం. బల్ల దగ్గర కూర్చున్నాక "ఇది తినను, అది తినను" అంటే పెట్టేవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. ముందు చెబితే వాళ్ళకూ సుఖం, మనకూ సుఖం. ఎర్ర క్యాబేజీ కూర చూడటానికి శాకాహారమే అయినా అందులో చాలాసార్లు పంది కొవ్వో, బాతు కొవ్వో వేసి వండుతారు. స్టోలెన్ అనే పండుగ రొట్టెలో ఎండుద్రాక్షను రమ్ములో నానబెట్టి వేయడం కద్దు. అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. సంతల్లో వేడి వేడి ద్రాక్ష సారాయం అమ్ముతారు. అది వద్దనుకున్న వాళ్ళకు, పిల్లల కోసం చేసే పళ్ళరసం పక్కనే ఉంటుంది. డ్రెస్డెన్ సంత 1434లో మొదలైనదట, మీరు వెళ్తే తప్పక చూడండి.

24 రాత్రి వాళ్ళు పెద్ద విందు చేయరు. ఆలుగడ్డ సలాడ్, దానితో సాసేజీలు. విందంతా మరునాడు. మాకు సలాడ్ విడిగా కలిపారు. చివర ఒక గాజు గిన్నెలో నల్లటి పాయసం లాంటిది తెచ్చారు. నోట్లో పెట్టుకోగానే నేను గుర్తుపట్టాను. గసగసాలు! నూరిన గసగసాలు పాలల్లో చక్కెరతో ఉడికించి, ఎండుద్రాక్ష, బాదం వేసి, రొట్టె ముక్కలమీద పొరలు పొరలుగా పోసి చల్లారబెడతారు. నాకు నవ్వు వచ్చింది. గల్ఫ్‌కు సామాను కట్టేటప్పుడు మనం మొదట చెప్పే మాటేమిటి? "గసాలు పెట్టకు బిడ్డా, జైల్లో ఏస్తరు." ఒక దేశంలో నేరమైన గింజ ఇంకొక దేశంలో పండుగ ప్రసాదం!

ఆ వంటకం ఆ ఇంటి ముసలామెది. స్నేహితురాలి నాయనమ్మ. దానితోపాటు ఇంకొకటి గమనించాను. మనుషులం ఏడుగురం, బల్లమీద పళ్ళేలు ఎనిమిది. ఇంకెవరు రావాలని అడిగాను. ఆమె చెబుతుంటే మా అమ్మాయి తెలుగు చేసి చెప్పింది.

ఆమె పుట్టింది సిలీషియాలో, ఇప్పుడది పోలండ్. 1945 జనవరిలో, యుద్ధం ముగింపుకొస్తున్న రోజుల్లో, అక్కడి జనం లక్షలకొద్దీ మంచులో కట్టుబట్టలతో బయల్దేరారు. ఆమెకప్పుడు ఏడేళ్ళు. తోపుడుబండిమీద చెల్లెలు, మూటలు. ఎన్నో తలుపులు తట్టారట. వాళ్ళ భాషే మాట్లాడే వాళ్ళయినా చాలామంది తెరవలేదు. చివరికి ఒక ఇంటావిడ పశువుల కొట్టం మీది గది చూపించి, వేడి సూపు పోసింది. "అందుకే ఒక పళ్ళెం ఎక్కువ పెడతాం, ఎవరు తలుపు తడతారో తెలియదు గదా" అన్నదామె.

మనం ఒక విస్తరి తక్కువ వేసుకునే వాళ్ళం. వాళ్ళు ఒక పళ్ళెం ఎక్కువ పెట్టుకునే వాళ్ళు. నాకు గొంతు పట్టుకున్నది.

చెట్టు కింద అందరి పేర్లతో కానుకల పొట్లాలున్నాయి. నా పేరు కూడా ఉన్నది. ఉన్ని మేజోళ్ళు, ఆమె స్వయంగా అల్లినవి. నా సకినం ఒకటి చేతిలోకి తీసుకుని ఎన్ని చుట్లో వేలితో లెక్కపెట్టి, "యంత్రమా, చెయ్యా?" అని అడిగింది. చెయ్యేనని తిప్పి చూపించాను. ఆ తరువాత మా ఇద్దరికీ దుబాసీ అవసరం అంతగా పడలేదు.

మిగిలిన రోజుల్లో ఇంకా కొన్ని వింతలు చూశాను. పండుగకూ కొత్త సంవత్సరానికీ మధ్య రోజుల్లో బట్టలు ఉతికి ఆరేస్తే అరిష్టమని పెద్దవాళ్ళ నమ్మకం. మనకు ఇలాంటివి ఎన్ని లేవు! డిసెంబరు 31 రాత్రి మైనం కరిగించి నీళ్ళలో పోసి, అది గడ్డకట్టిన ఆకారాన్ని బట్టి రాబోయే ఏడాది జోస్యం చెప్పుకుంటారు. పూర్వం సీసం పోసేవారట. అది ఆరోగ్యానికి చేటని 2018 నుంచి అమ్మకం ఆపేశారు. ఆ రాత్రి వీధుల్లో టపాసుల జోరు మన దీపావళిని మించి ఉంటుంది. పిల్లల్ని కాస్త దూరంగా నిలబడమని చెప్పండి.

జర్మనీలో అందరూ ఇలాగే ఉంటారని నేను చెప్పడం లేదు. పరాయివాళ్ళు ఎక్కువైపోయారని గొణిగేవాళ్ళు అక్కడా ఉన్నారు. ట్రాములో మేము కూర్చోగానే లేచి వేరే సీటుకు పోయిన మనిషిని కూడా చూశాను. అటువంటి చోట ఒక ఇల్లు తలుపు తెరిచిందంటే మన పిల్లకు ఆ ఏడాదంతా ధైర్యం. ఆ పిలుపును మన భయంతో కాదనకండి.

ఇంకొక మాట చెప్పి ముగిస్తాను. తిరిగి వచ్చిన తరువాత మన చుట్టుపక్కల చూశాను. రైసు మిల్లుల్లో మూటలు మోసే బీహారు పిల్లలున్నారు. ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కుటుంబాలున్నాయి, చంకలో పసిపిల్లలతో. మన సంక్రాంతి నాడు వాళ్ళేం తింటున్నారో మనలో ఎంతమందిమి అడిగాం? వాళ్ళ తల్లులూ ఏదో ఊళ్ళో ఫోను పట్టుకుని "తిన్నవా బిడ్డా" అని వాళ్ళ భాషలో అడుగుతూనే ఉంటారు గదా.

ఈసారి సకినాలు చుట్టేటప్పుడు ఓ శేరు పిండి ఎక్కువ కలపండి. ఓ పళ్ళెంలో పెట్టి తీసుకెళ్ళండి. ముందు పేరడగండి, తరువాత ఏ ఊరో అడగండి. భాష రాకపోయినా ఫరవాలేదు, చుట్లు లెక్కపెట్టి చూపిస్తే చాలు.

సెలవు.